చందా ఎవరిది? ఓటు ఎవరిది?

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా చల్లపల్లిలో జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం “ఎన్నికల్లో ధనవంతుల చందాలు, ఓటరు తిరుగుబాటు”. మొదలుపెట్టే ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను ప్రభుత్వ ఉద్యోగిని, గిరిజన వసతి గృహం వార్డెన్‌ని. ఫలానా పార్టీకి వేయండి, ఫలానా పార్టీకి వేయొద్దు అని చెప్పే హక్కు నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. పార్టీల పేర్లు, అంకెలు కొన్ని చెబుతాను. అవి ఎన్నికల సంఘం బయటపెట్టినవే. ఒక్క పార్టీని పట్టుకుని చెప్పను, అన్నీ వస్తాయి.

ముందుగా చిన్న లెక్క చేద్దాం. శాసనసభ అభ్యర్థి చట్టప్రకారం పెట్టదగిన ఖర్చు 40 లక్షల రూపాయలు. మన అవనిగడ్డ నియోజకవర్గంలో ఓటర్లు సుమారు రెండు లక్షల మంది. భాగించండి. ఓటరు ఒక్కరికి ఎంత వచ్చింది? ఇరవై రూపాయలు. ఆ ఇరవైలోనే జీపులు, మైకులు, జెండాలు, కరపత్రాలు, కార్యకర్తల భోజనాలు అన్నీ గడవాలి. మరి పోలింగుకు ముందు రాత్రి కాలనీలో తలుపు కొట్టి ఇచ్చే కవర్లో వెయ్యి రూపాయలు ఎక్కడివి? లక్ష మందికి వెయ్యి చొప్పున పంచినా పది కోట్లు. నలభై లక్షల్లో పది కోట్లు ఎలా ఇమిడాయి?

ఇమడవు. ఆ పది కోట్లు ఏ ఖర్చుల రిజిస్టర్లోనూ కనిపించవు. అవి ఎవరో ఇచ్చినవి. ఇచ్చినవాళ్లు ఊరికే ఇవ్వరు. పంట పెట్టుబడి పెట్టిన ఆసామి కోతల నాడు కళ్లం దగ్గరికి రాకుండా ఉంటాడా? ఎన్నికల పెట్టుబడీ అంతే. గెలిచాక కళ్లం దగ్గరికి వస్తాడు. కాంట్రాక్టు రూపంలో వస్తాడు, ఇసుక రూపంలో వస్తాడు, మన గుడిసెల పక్కన ఉన్న పోరంబోకు స్థలంలో చెరువు తవ్వుకునే అనుమతి రూపంలో వస్తాడు.

కవర్ తీసుకున్న అవ్వను నేను తప్పు పట్టను. పీతలు దొరకని నెలలో వెయ్యి రూపాయలంటే ఆ ఇంట్లో పది రోజుల బియ్యం, పచారీ సామాను. చట్టం మాత్రం ఇచ్చినవాళ్లదీ, తీసుకున్నవాళ్లదీ ఇద్దరిదీ నేరమే అంటుంది. భారతీయ న్యాయ సంహితలో ఎన్నికల లంచానికి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. కానీ ఆ అవ్వను బోనులో నిలబెడితే సమస్య తీరదు. కవర్ మీద పేరు ఎందుకు లేదో అడగాలి. ఈ రోజు నా ప్రసంగం మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. డబ్బు వెనక ఉన్న మనిషి జనానికి కనిపించిన చోట ఓటరు తిరగబడ్డాడు. కనిపించని చోట తిరగబడలేకపోయాడు. దీనికి మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది 1937 నాటిది.

అప్పుడు మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం. పాలిస్తున్నది జస్టిస్ పార్టీ. దానికి అండ జమీందారులు. ప్రధానమంత్రి పదవిలో, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి స్థానంలో, చాలా ఏళ్లు ఉన్నది సాక్షాత్తూ బొబ్బిలి రాజా. జమీందారుల పక్షాన డబ్బుకు, బండ్లకు, బంట్రోతులకు కొదవ లేదు. 1937 ఎన్నికల్లో ఆ బొబ్బిలి రాజా మీద, ఆయన సొంత బొబ్బిలిలోనే, కాంగ్రెస్ తరఫున వి.వి. గిరి నిలబడ్డారు. కార్మిక సంఘాల్లో పనిచేసిన మనిషి. రాజా ఓడిపోయారు, గిరి గెలిచారు. ఆ గిరిగారే 1969లో రాష్ట్రపతి అయ్యారు. మొత్తం రాజధానిలో 215 స్థానాలకు కాంగ్రెస్‌కు 159 వచ్చాయి. చదువు రానివాళ్ల కోసం ఒక్కో పక్షానికి ఒక్కో రంగు పెట్టె పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. రైతులు ఆ పసుపు పెట్టెను నింపేశారు.

ఎందుకు నింపారు? శిస్తు ఎవరికి కడుతున్నారో వాళ్లకు తెలుసు. వెట్టి ఎవరికి చేస్తున్నారో తెలుసు. ఎదుట నిలబడి ఓటు అడుగుతున్నదీ ఆ మనిషే, ఆ మనిషి డబ్బే. దాపరికం లేదు. కోపానికి ఒక ముఖం ఉంది.

ఇక్కడ ఒక విషయం మర్చిపోవద్దు. ఆ తిరుగుబాటులో మన తాతముత్తాతలు దాదాపు లేరు. 1937లో అందరికీ ఓటు లేదు. భూమి శిస్తో పన్నో కట్టేవాళ్లకు, కొంత చదువున్నవాళ్లకు మాత్రమే ఉంది. మనవాళ్లకు భూమీ లేదు, చదువూ లేదు. పైపెచ్చు ఎరుకలవాళ్ల మీద, యానాదుల మీద నేరస్త జాతుల చట్టం ముద్ర ఉంది. పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టి, పోలీసులకు హాజరు వేయించుకునే రోజులవి. వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు యానాదుల కోసం ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పనిచేసింది ఆ ముద్ర చెరపడానికే. 1952 ఆగస్టు 31 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ఆ ఏడాది మొదట్లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో మొదటిసారి కోటీశ్వరుడికీ ఒక ఓటే, కాలవగట్టు మీద గుడిసెలో ఉన్నవాడికీ ఒక ఓటే అయింది. అంత కష్టపడితే చేతికి వచ్చింది ఈ ఓటు.

మన చల్లపల్లి సంగతీ చెప్పుకోవాలి. ఇది దేవరకోట సంస్థానం. మనం రోజూ చూసే కోట ఆ జమీందారులదే. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. అక్కడితో కథ అయిపోయిందా? లేదు. సంస్థానాధీశులు యార్లగడ్డ శివరామ ప్రసాద్‌గారు 1960లలో కాంగ్రెస్ తరఫున అవనిగడ్డ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. అంటే బొబ్బిలిలో రాజును ఓడించిన ఓటే, మన దగ్గర రాజును గెలిపించింది. ఆ తర్వాత చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం పేదలు గుంటూరు బాపనయ్యగారి వంటి నాయకుల వెంట పెద్ద పోరాటమే చేయాల్సి వచ్చింది. దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. ఓటరు తిరుగుబాటు ఒకసారి జరిగితే అదే నిలిచిపోదు. ప్రతి ఎన్నికలోనూ మళ్లీ మళ్లీ చేసుకోవాల్సిన పని అది.

రెండో ఉదాహరణ అమెరికాది, ఈ మధ్యది.

2025 ఏప్రిల్ 1న విస్కాన్సిన్ అనే రాష్ట్రంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఎన్నిక జరిగింది. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో న్యాయమూర్తులను కూడా ఓటుతోనే ఎన్నుకుంటారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడైన ఎలాన్ మస్క్, ఆయన వెనక ఉన్న సంస్థలు ఒక అభ్యర్థి కోసం 2 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి. ఒక వినతిపత్రం మీద సంతకం పెడితే వంద డాలర్లు ఇస్తామన్నారు. మస్క్ స్వయంగా సభ పెట్టి ఇద్దరికి పది లక్షల డాలర్ల చొప్పున చెక్కులు ఇచ్చారు. మన కవరే, కాకపోతే వేదిక మీద, కెమెరాల ముందు. ఫలితం ఏమైంది? ఆయన బలపరిచిన బ్రాడ్ షిమెల్ దాదాపు పది శాతం ఓట్ల తేడాతో ఓడిపోయారు. సుసాన్ క్రాఫర్డ్ గెలిచారు. అయితే గెలిచిన ఆమె వైపునా ధనవంతుల చందాలున్నాయి. కాబట్టి అక్కడ డబ్బు ఓడిపోయింది అని నేను అనను. కానీ ప్రచారం చివరికి వచ్చేసరికి అభ్యర్థి పేరు కంటే చందాదారుడి పేరే ఎక్కువ వినిపించింది. “మా రాష్ట్రాన్ని కొనడానికి నువ్వెవరు?” అన్న ప్రశ్న అక్కడి ప్రచారంలో పెద్ద అంశమైంది. అక్కడా కోపానికి ఒక ముఖం దొరికింది.

మూడో ఉదాహరణ మన దేశానిది. ఇది ముఖం దొరకని కథ.

2018 నుంచి మన దేశంలో ఎన్నికల బాండ్లు ఉండేవి. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇవ్వవచ్చు. వెయ్యి రూపాయల బాండూ ఉండేది, కోటి రూపాయల బాండూ ఉండేది. విలువలో అత్యధిక భాగం కోటి రూపాయల బాండ్లే. అవి కొన్నది మనలాంటివాళ్లు కాదని వేరే చెప్పక్కర్లేదు. ఎవరు కొన్నారో, ఎవరికిచ్చారో ఓటరుకు మాత్రం తెలియకూడదు. అదీ పద్ధతి. ఆరేళ్లలో పార్టీలకు ఈ దారిలో 16 వేల కోట్లకు పైగా చేరాయి.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒకే మాటగా దీన్ని కొట్టేసింది. పార్టీకి డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. మార్చిలో ఎన్నికల సంఘం పేర్లు బయటపెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి లెక్క చూస్తే కొన్నవాళ్లలో మొదటిది లాటరీ వ్యాపారం చేసే ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లు. రెండోది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. అందుకున్నవాళ్లలో భాజపాకు ఆరు వేల కోట్లకు పైగా, తృణమూల్‌కు 1,600 కోట్లు, కాంగ్రెస్‌కు 1,400 కోట్లు దాటాయి. మన తెలుగు రాష్ట్రాల్లో భారాసకు 1,200 కోట్లకు పైగా, వైకాపాకు సుమారు 337 కోట్లు, తెదేపాకు సుమారు 219 కోట్లు. జనసేనకూ 21 కోట్లు వచ్చాయి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. 2023 నవంబరు ఎన్నికల్లో తెలంగాణలో భారాస ఓడింది. 2024 మే ఎన్నికల్లో మన రాష్ట్రంలో వైకాపా ఓడింది. అంటే ఎక్కువ చందా అందుకున్న పార్టీయే గెలుస్తుందని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ మాట నిజం. కానీ చందాదారుల మీద కోపంతోనే జనం వాళ్లను ఓడించారా? ఆ మాట నేను చెప్పలేను. ఓడినవాళ్లకూ బాండ్లున్నాయి, గెలిచినవాళ్లకూ ఉన్నాయి. పేర్లు బయటికొచ్చింది మార్చిలో. మనం ఓటు వేసింది మే 13న. మధ్యలో రెండు నెలలున్నాయి. మీ కాలనీ రచ్చబండ దగ్గర ఎవరైనా ఆ జాబితా చదివారా? ప్రచారానికి వచ్చినవాళ్లను “మీకిచ్చినవాళ్లకు మీరేం ఇచ్చారు?” అని ఒక్కరైనా అడిగారా? ఆరేళ్లు పేరు దాచిపెట్టారు. పేరు చెప్పాక మనం చదవలేదు. ముఖం లేని డబ్బు మీద తిరుగుబాటు రాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

రాష్ట్రంలో ఎస్టీలకు ఏడు శాసనసభ స్థానాలున్నాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. అన్నీ కొండ ప్రాంతాలవే. డెల్టాలో ఒక్కటీ లేదు. ఇక్కడ మనం ఊరికి పాతిక గడపలు, ముప్పై గడపలుగా చెదిరి ఉన్నాం. కాబట్టి మనకు నిజంగా దక్కే కుర్చీలు పంచాయతీవే. వార్డు మెంబరు, సర్పంచి, ఎంపీటీసీ. రిజర్వేషన్ వచ్చినప్పుడు మాత్రమే అవి మన చేతికి వస్తాయి.

అప్పుడేమవుతుందో మీకు నేను చెప్పాలా? ఊళ్లో పెద్ద చెరువులున్న ఆసామి తన చెరువు దగ్గర కాపలా ఉండే మనవాడినే నిలబెడతాడు. డిపాజిట్ ఆయన కడతాడు. ఖర్చు ఆయన పెడతాడు. కొన్నిచోట్ల పోటీయే ఉండదు. గుడికి ఇంత ఇస్తాను, పదవి నాకు వదిలేయండి అని వేలం పాడతారు. దానికి ఏకగ్రీవం అని పేరు పెడతారు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వ ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరంతా కూర్చుని మనస్ఫూర్తిగా ఒక మనిషిని ఒప్పుకుంటే మంచిదే. డబ్బున్నవాడు పోటీదారులను కూర్చోబెడితే అది ఏకగ్రీవం కాదు, కొనుగోలు. గెలిచాక కుర్చీలో మనవాడు కూర్చుంటాడు, సంతకం మనవాడు పెడతాడు, ఏ కాగితం మీద పెట్టాలో మాత్రం ఆసామి చెబుతాడు. రేపు లెక్కలు తేడా వస్తే ఇరుక్కునేదీ మనవాడే. మన పేరుతో వచ్చిన రిజర్వేషన్‌లో మన చేతిలో మిగిలేది ఆ కేసు ఒక్కటే.

ఇంకో మాట ఇక్కడున్న తమ్ముళ్లకు. కవర్ మన గడప దాకా ఎవరి చేతి మీదుగా వస్తుంది? పైవాడు మన కాలనీలోకి రాడు. “ఏరా తమ్ముడూ, మీ కాలనీ బాధ్యత నీదే” అని భుజం మీద చెయ్యేస్తాడు. బండిలో పెట్రోలు, రాత్రికి బిరియాని, మందు, రోజుకు ఐదొందలు. ఓటర్ల జాబితా పట్టుకుని ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో టిక్కులు పెట్టేది మనవాడే. పైన చందాదారుడితో మొదలైన గొలుసులో ఆఖరి లింకు మీరు. మీరు లేకపోతే ఆ డబ్బు కాలవ దాటి మన గట్టుకు రాలేదు. మీ బలం అదీ. అది మీకంటే వాళ్లకే బాగా తెలుసు.

డబ్బు లేకుండా రాజకీయం జరుగుతుందా టీచరమ్మా అని మీరు అడగవచ్చు. జరిగింది. చేసింది మన గిరిజనులే. ఇల్లెందు నుంచి గుమ్మడి నర్సయ్యగారు 1983 నుంచి 2004 మధ్య ఐదుసార్లు శాసనసభకు గెలిచారు. కోయ బిడ్డ. సైకిల్ మీద, బస్సుల్లో తిరిగిన ఎమ్మెల్యే. భద్రాచలం నుంచి కుంజా బొజ్జిగారు మూడుసార్లు, సున్నం రాజయ్యగారు మూడుసార్లు గెలిచారు. రాజయ్యగారు శాసనసభకు ఆటోల్లో, బస్సుల్లో వెళ్లిన సంగతి పేపర్లలోనూ వచ్చింది. వాళ్ల పార్టీల గురించి నేను మాట్లాడటం లేదు. వాళ్ల గుమ్మం ముందు వసూలుకు కూర్చునే చందాదారుడు లేడు, అదే నేను చెప్పేది. పోడు భూమి కోసం వచ్చిన కోయ రైతు వాళ్లను ధైర్యంగా అడగగలిగాడు. నిరాడంబరంగా ఉంటే ఎప్పుడూ గెలుస్తారని కాదు. నర్సయ్యగారు 2009లో ఓడిపోయారు కూడా. కానీ గెలిచిన ఇరవై ఏళ్లూ ఆయన ఎవరికి బాకీ ఉన్నారో జనానికి తెలుసు. జనానికే.

మరి మనం ఏం చేయాలి? నేను చదువు చెప్పే మనిషిని కాబట్టి వరసగా చెబుతాను.

ఒకటి. ముందు ఓటు చేతిలో ఉండాలి. పదిహేడేళ్లు నిండినవాళ్లు ముందుగానే ఫారం 6 పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలను బట్టి ఏడాదికి నాలుగుసార్లు అర్హత చూస్తారు. వలస వెళ్లి వచ్చేసరికి పేర్లు తీసేసిన ఇళ్లు మన కాలనీల్లో చాలా ఉన్నాయి. ఒక్కొక్కరు పది ఇళ్ల పేర్లు చూసి పెట్టండి.

రెండు. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం, అంటే ఫారం 26, చదవండి. ఆస్తులు, అప్పులు, కేసులు అందులో ఉంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే దొరుకుతుంది. రీల్స్ చూసే సమయంలో పావుగంట చాలు. అవ్వకు, తాతకు చదివి వినిపించండి.

మూడు. భయం పోగొట్టండి. “మాకు వేయకపోతే తెలిసిపోతుంది” అని బెదిరిస్తారు. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు మీకు మాత్రమే కనిపించి పెట్టెలో పడిపోతుంది. ఎవరు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. అయితే దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. బూతువారీగా ఏ పార్టీకి ఎన్ని వచ్చాయో లెక్క తెలుస్తుంది. మన ముప్పై గడపల ఓట్లు ఊరి ఓట్లతో కలిసే ఉంటాయి కాబట్టి విడదీసి చెప్పలేరు. బూతు లెక్క తెలుస్తుంది, మనిషి లెక్క తెలియదు. ఈ తేడా ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

నాలుగు. పంపకం కనిపిస్తే సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెట్టవచ్చు. వంద నిమిషాల్లో స్పందించాలన్నది దాని నియమం. పేరు చెప్పకుండానూ పంపవచ్చు. ఒంటరిగా గొడవకు దిగొద్దు. మన కుటుంబాలు వాళ్ల చెరువుల మీద, వాళ్ల పొలాల మీద ఆధారపడి బతుకుతున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. ధైర్యం చేసేటప్పుడు పదిమంది కలిసి చేయండి.

ఐదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. మన వార్డు రిజర్వ్ అయినప్పుడు అభ్యర్థిని మనం కూర్చుని ఎంచుకోవాలి. ఖర్చు మనం వేసుకోవాలి. వార్డు మెంబరు ఎన్నికకు కోట్లు అక్కర్లేదు. ఇంటికి వంద రూపాయలు, చేతిరాత పోస్టర్లు, నాలుగు సాయంత్రాలు ఇంటింటికీ తిరగడం చాలు. ఇచ్చిన ప్రతి వంద ఒక నోటు పుస్తకంలో పేరుతో రాయండి. ఖర్చూ రాయండి. ఎన్నిక అయ్యాక ఆ పుస్తకం కాలనీ మధ్యలో కూర్చుని చదవండి. గెలిచినా చదవండి, ఓడినా చదవండి. దేశంలో పెద్ద పెద్ద పార్టీలు కోర్టు చెప్పేదాకా చేయని పనిని మనం ముప్పై గడపల్లో చేసి చూపించవచ్చు. ఇంటికి వంద ఇచ్చిన అవ్వ రేపు గ్రామసభలో లేచి నిలబడి, “నా వంద నీ దగ్గరుంది, మా వీధి కుళాయి ఏమైంది?” అని అడుగుతుంది. కవర్ తీసుకున్న అవ్వ అలా అడగలేదు. అడగబోతే, “అప్పుడే ఇచ్చేశాంగా” అంటారు.

చందా ఇచ్చినవాడికే అడిగే నోరు ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ నోరు వేరేవాళ్లది. వచ్చే పంచాయతీ ఎన్నికలు ఎప్పుడు పెట్టినా సరే, మన కాలనీల్లో ఒక్క వార్డులోనైనా ఆ నోటు పుస్తకం కనిపించాలి. అందులో మొదటి వంద రాసే చేయి ఈ ముందు వరసల్లోనే ఉందని నా నమ్మకం.